వత్తులు తెగే చోటు: ఒక పాత పద్యాల బ్లాగుకు థీమ్ మార్చిన కథ

"మన బ్లాగు ఫోన్లో ఎవరికీ చదవబుద్ధి కావట్లేదటమ్మా, ఒకసారి చూసిపెడతావా?" అని మాస్టారు ఫోన్ చేసినప్పుడు, రెండు సాయంత్రాల పని అనుకున్నాను. థీమ్ మార్చడం, రంగులు సరిచేయడం, పైన ఫొటో పెట్టడం అంతేగా. పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజుల్లో థీమ్ ఎక్కించడానికి అయిన టైము పట్టుమని పది నిమిషాలు. మిగతాదంతా, ఇంగ్లిష్ అక్షరాన్ని కొలిచి కుట్టిన చొక్కాని తెలుగు అక్షరానికి తొడగడానికే సరిపోయింది. ఇలాంటి పని ఇంకెవరి నెత్తినైనా పడితే నేను తిరిగిన దారిలో మళ్లీ తిరక్కుండా ఉంటారని వివరంగా రాస్తున్నాను.

మాస్టారు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనాయన. 2008లో గూగుల్ వాళ్ల బ్లాగర్లో బ్లాగు తెరిచి, అప్పటి నుంచి నాలుగు వందల పైచిలుకు టపాలు (పోస్టులు) రాశారు. సగం సొంత పద్యాలు, మిగిలినవి ఛందస్సు, వ్యాకరణం, ఊరి ముచ్చట్లు. టెంప్లేట్ (ఇప్పటి మాటలో థీమ్) మాత్రం మొదటి రోజు పెట్టిందే: మినిమా. డగ్లస్ బౌమన్ రూపకల్పన. పాత తెలుగు బ్లాగులు చదివినవాళ్లకి చూడగానే గుర్తొస్తుంది. తెల్లటి పేజీ, సన్నటి చుక్కల గీతలు, మొత్తం వెడల్పు 660 పిక్సెళ్లు, అందులో రాతకి 410, పక్కపట్టీకి 220. కంప్యూటర్ల కాలానికి ముచ్చటైన కొలతలవి. ఫోన్లో తెరిస్తే పేజీ మొత్తం కుంచించుకుపోయి అక్షరాలు చీమలబారులా కనిపించేవి. పక్కపట్టీలో, తెలుగు బ్లాగుల కొత్త టపాల్ని ఒకచోట చేర్చి చూపించిన కూడలి, హారం, జల్లెడ సైట్ల బొమ్మలు, తెలుగు టైపు చేసుకునే లేఖినికి ఒక లంకె, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే డబ్బా, ఒక గడియారం. గడియారం ఎప్పుడో ఆగిపోయింది.

మాస్టారు అడిగినవి నాలుగు. ఫోన్లో చదవగలగాలి. పద్యం పద్యంలా కనిపించాలి. అచ్చు పుస్తకంలోలాగా రెండు అంచులూ సమంగా ఉండాలి. పాత లంకెలేవీ చెడకూడదు. మూడోది తప్ప అన్నీ చేయగలిగాను. ఆ మూడోది ఎందుకు చేయలేదో కూడా చెప్తాను.

మొదట బ్యాకప్. థీమ్ పేజీలో కస్టమైజ్ పక్కనున్న బాణం నొక్కితే థీమ్ ఫైలు దిగుతుంది, సెట్టింగుల్లో టపాల ఫైలు విడిగా దిగింది. రెండూ తీసుకున్నాను. కానీ అంత పాత టెంప్లేట్లో గాడ్జెట్ల (పక్కపట్టీలోని డబ్బాల) లోపలి సరుకు థీమ్ ఫైల్లోకి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకని ఒక్కో గాడ్జెట్ తెరిచి, లోపలున్నదాన్ని నోట్‌ప్యాడ్లో అతికించుకున్నాను. కొత్త థీమ్ ఎక్కించేటప్పుడు "ఈ విడ్జెట్లు తొలగిపోతాయి, సరేనా?" అని బ్లాగర్ అడుగుతుంది. కంగారులో సరే అనేస్తే, మాస్టారు తన గురువు మీద రాసి పక్కపట్టీలో పెట్టుకున్న సీసపద్యం పోయేది. దానికి ఇంకెక్కడా కాపీ లేదు.

తర్వాత ఎవరికీ కనపడకుండా ఒక ప్రయోగ బ్లాగు తెరిచి, టపాలన్నీ అందులోకి దించాను. ఏ మార్పయినా ముందు అక్కడే. అసలు బ్లాగు మీద నేరుగా కోడ్ మార్చేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడే.

థీమ్ ఎంపిక దగ్గర ఒక తప్పటడుగు వేశాను. ఉచితంగా దొరికే ఒక బయటి థీమ్ డెమో కళ్లు చెదిరేలా ఉంటే అది దించాను. కోడ్ తెరిస్తే మధ్యలో అర్థంకాని అక్షరాలతో చుట్టిపెట్టిన ఒక స్క్రిప్టు. పేజీ అడుగున వాళ్ల పేరున్న లంకె తీసేస్తే, చదువరిని ఎత్తుకుపోయి వాళ్ల సైట్లో పడేసే ఏర్పాటది. ఇందులో ఇదొక్కటే ఉందా, ఇంకేమైనా ఉన్నాయా అని వెతుక్కునే ఓపిక నాకు లేదు. పక్కన పెట్టేశాను. 2017లో బ్లాగర్ తెచ్చిన నాలుగింటిలో, అంటే కంటెంపో, సోహో, ఎంపోరియో, నోటబుల్‌లలో, కంటెంపో తీసుకున్నాను. తెర వెడల్పుని బట్టి తనే సర్దుకుంటుంది, బొమ్మలు లేని టపాలున్నా వెలవెలబోదు. అందగత్తేమీ కాదు, కాపురానికి పనికొస్తుంది.

డెమోలో అన్నీ ఇంగ్లిష్ శీర్షికలే కాబట్టి అంతా బాగుంది. మాస్టారి టపాలు అందులో పోసేసరికి అసలు రంగు బయటపడింది.

ఇంగ్లిష్ అక్షరం గీత మీద కూర్చుంటుంది. ఒకటీ అరా తోక కిందికి జారుతుంది. మనది అలా కాదు. పైన గుడి, గుడిదీర్ఘం, తలకట్టు. కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు, ఐత్వానికైతే పైనొక ముక్క, కిందొక ముక్క. "స్వాతంత్ర్యం" అని రాస్తే తకారం కింద రవత్తు, యవత్తు రెండూ చోటడుగుతాయి. శీర్షికలకి కంటెంపో ఇచ్చిన వరసల ఎడం ఇంగ్లిష్‌కి సరిపోయేంత బిగువు. శీర్షిక రెండు వరసలైతే, పై వరస వత్తులు వచ్చి కింది వరస గుడుల మీద కూర్చున్నాయి. మొదటి పేజీలో టపా సంగ్రహం వచ్చే చోట ఇంకో తమాషా. అక్కడ ఎత్తు కట్టేసి, మించినదాన్ని దాచే ఏర్పాటు ఉంటుంది. చివరి వరసలో "రాష్ట్రం" కాస్తా "రాషం" అయి కూర్చుంది. వత్తులు రెండూ కత్తెరపాలు.

అప్పుడు నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది ఇది: ఒక పరీక్ష టపా రాసుకున్నాను. శీర్షిక మొదటి వరసలో "దంష్ట్ర, వస్త్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న", సరిగ్గా వాటి కింద పడేట్టు రెండో వరసలో "ఛీ, థీ, ఘీంకారం, కౌపీనం, కీర్తి". అర్థంపర్థం లేదు, కానీ పైనుంచి దిగేవీ కిందినుంచి లేచేవీ అన్నీ ఢీకొనే చోటు అది. ఆ టపా ఏ పరిమాణంలో, ఏ ఫోన్లో తెరిచినా ఢీకొనకపోతే మిగతా నాలుగు వందల టపాలకీ దిగుల్లేదు. చివరికి నిలిచిన కొలతలు: రాతకి 18 పిక్సెళ్లు, లైన్-హైట్ (వరసల ఎడం) 1.8. శీర్షికలకి లైన్-హైట్ 1.5. దాచే ఏర్పాటున్న ప్రతి పెట్టెకీ అడుగున పావు ఎమ్ (అక్షరం సైజుని బట్టి మారే కొలత) ప్యాడింగ్, అంటే లోపలి ఖాళీ. పిక్సెళ్లలో బిగించిన ఎత్తులన్నీ ఎమ్‌లలోకి మార్చాను, అక్షరం పెరిగితే పెట్టె కూడా పెరిగేలా. ఒక చోట శీర్షికకి లెటర్-స్పేసింగ్ రుణసంఖ్యలో ఉంటే సున్నా చేశాను. ఇంగ్లిష్ అక్షరాల్ని దగ్గరికి లాగితే నాజూకుగా కనిపిస్తాయేమో; మనవి లాగితే పక్కదాని వత్తు మీద కాలేస్తాయి.

ఇక ఫాంట్లు. మాస్టారికి ఇది పండగ. గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్ర పెట్టిన తెలుగు ఫాంట్ల జాబితా చూపిస్తే, పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, సూరన్న, తెనాలి రామకృష్ణ అని చదువుకుంటూ, "భువనవిజయం పెట్టారే" అని మురిసిపోయారు. ఒక్కోటీ పెట్టి చూపించమన్నారు. చూపించాను. ఒక పూట పోయింది.

రాతకి మండలి పెడదామనుకున్నాను, గుండ్రంగా ముద్దుగా ఉంటుంది. కానీ దానికి ఒకటే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజరే అక్షరానికి చుట్టూ మసి పూసి లావు చేస్తుంది. ఘ, ఝ లాంటివాటి కడుపులు పూడుకుపోయాయి. మాస్టారు ప్రతి లక్షణాన్నీ బోల్డ్‌లో పెట్టే మనిషి, కనక కుదరదు. నోటో శాన్స్ తెలుగుకి మందాలు కావలసినన్ని. అయితే ఇక్కడ నాకో ఆలోచన వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా తెలుగు కనిపించేదే నోటోలో. ఐఫోన్లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ఉన్నాయి. మూడూ మంచివే. తెలుగు ఫాంటంటే గుణింతాలు, వత్తుల రూపాలు అన్నీ ఉండాలి కాబట్టి ఇంగ్లిష్ ఫాంటు కంటే బరువు. చదువరి ఫోన్లో ఉన్నదాన్నే మళ్లీ దింపించడం దేనికి? రాతకి వెబ్ ఫాంట్ పెట్టలేదు. ఆ మూడు పేర్లూ వరసగా ఇచ్చి ఊరుకున్నాను. బ్లాగు పేరుకి రామభద్ర, పద్యాలకి తిరో తెలుగు, ఆ రెండే బయటినుంచి వస్తాయి. పేజీలో పద్యం లేకపోతే తిరో దిగదు కూడా. వాడే అక్షరం కనపడితేనే బ్రౌజర్ ఫాంటు తెచ్చుకుంటుంది. పుస్తకం కళ పద్యానికి వచ్చింది కదా అని మాస్టారు ఒప్పుకున్నారు.

ఆ రెండు ఫాంట్లు తగిలించేటప్పుడు ఒక గంట తల పట్టుకున్నాను. కస్టమైజ్ కింద అడ్వాన్స్‌డ్‌లో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) చేర్చే పెట్టె ఉంది కదా అని అందులో ఫాంటుని పిలిచే ఇంపోర్ట్ వరస రాశాను. ఏమీ జరగలేదు. అక్కడ రాసింది స్టైల్ మొత్తానికి చివర్లో వెళ్లి కూర్చుంటుంది. ఇంపోర్ట్ అన్నిటికన్నా ముందుంటేనే చెల్లుతుంది. సరే అని హెచ్‌టీఎంఎల్ తెరిచి హెడ్‌లో లింక్ పెడితే, ఎర్రక్షరాల్లో "ది రిఫరెన్స్ టు ఎంటిటీ డిస్‌ప్లే..." అంటూ గోల. బ్లాగర్ థీమ్ అంటే ఎక్స్‌ఎంఎల్. చిరునామాలో ఉన్న యాంపర్సాండ్ గుర్తుని ఉన్నదున్నట్టు రాస్తే ఊరుకోదు. దాని వెనక ఏ, ఎమ్, పీ, సెమీకోలన్ చేర్చాలి. తెలిసిన సంగతే. ప్రతిసారీ మర్చిపోతాను.

అసలు బాధ పాత టపాలతో. కొలతలన్నీ కుదిరాయి, కానీ సగం టపాలకి ఏదీ అంటడం లేదు. మాస్టారు 2012 ప్రాంతం నుంచి వర్డ్‌లో రాసుకుని తెచ్చి అతికించేవారట. ప్రతి పేరా చుట్టూ స్పాన్ ట్యాగులు (రాతకి రూపం అంటించే కోడ్ ముక్కలు), లోపల గౌతమి ఫాంటు, 12 పాయింట్లు, లైన్-హైట్ 115 శాతం. థీమ్ ఎంత చెప్పినా, ట్యాగులో రాసిందే చెల్లుతుంది. నాలుగు వందల టపాలు చేత్తో కడిగే పని కాదు. టపా లోపలి స్పాన్‌లు, పేరాలు అన్నిటికీ ఫాంటు, పరిమాణం, లైన్-హైట్ పైనున్నదాన్నే తీసుకోవాలని ట్యాగు మాటని కూడా తోసేసే ఇంపార్టెంట్ ముద్ర వేసి రాశాను. మంచి పద్ధతి కాదని తెలుసు. ఒక్క దెబ్బకి అన్నీ దారికొచ్చాయి. వాటితోపాటు గణవిభజన చూపించడానికి మాస్టారు కావాలని పెద్దది చేసిన గురువులు, చిన్నవి చేసిన లఘువులు కూడా ఒకే సైజుకొచ్చాయి. ఛందస్సు పాఠాలన్నీ చదును. మర్నాడు పొద్దున్నే ఫోన్: "గురువుకీ లఘువుకీ తేడా లేకుండా చేశావేమ్మా?" ఛందస్సు అనే లేబుల్ ఉన్న ఇరవై రెండు టపాలు తెరిచి, ఆ అక్షరాలకి విడిగా క్లాసులు (థీమ్ గుర్తుపట్టే పేర్లు) ఇచ్చి సర్దాను.

రెండంచుల సంగతి. అచ్చులో పేజీ వెడల్పు ఉంటుంది, కంపోజిటరు మాటని విరిచి పై వరసలో కొంత, కింద కొంత పెడతాడు. ఫోన్లో వరసకి నాలుగైదు మాటలు పడితే గొప్ప. మన మాటలు పొడుగు. సమాసం వస్తే ఒకటే వరసంతా ఆక్రమిస్తుంది. జస్టిఫై పెడితే మిగిలిన రెండు మాటల మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీ. పోనీ ఎక్కడపడితే అక్కడ విరిచే ఏర్పాటు పెడదామంటే, "శాస్త్రం" సగంలో తెగి, పొల్లు సకారం ఒక వరసలో, మిగతాది ఇంకో వరసలో పడటం చూశాను. రెండూ మాస్టారి ఫోన్లోనే చూపించాను. కాసేపు చూసి, "ఎడమంచు ఒకటే చాలమ్మా" అన్నారు. పట్టని మాట మాత్రం తెర దాటి పోకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఒకటి పెట్టాను.

చివరగా పద్యం. నా పదహారు రోజుల్లో ఐదు దీనికే.

కందం, ఆటవెలది, తేటగీతి దర్జాగా ఇమిడిపోయాయి. వృత్తాలతోనే పేచీ. శార్దూలం పాదానికి 19 అక్షరాలు, ఉత్పలమాలకీ మత్తేభానికీ 20, చంపకమాలకి 21. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్లో పక్క ఖాళీలు పోగా కొన్ని పాదాలు పడతాయి, కొన్ని పట్టవు. పట్టని పాదం చివరి రెండక్షరాలు కిందకి జారి విడి వరసలా నిలబడేవి. నాలుగు పాదాల పద్యం ఆరు పాదాలై కనిపించేది. పద్యం చదవడం వచ్చినవాళ్లకి అది పంటికింద రాయి.

నాకో ఉపాయం తట్టి గర్వంగా చెప్పాను. "మాస్టారూ, యతిస్థానం దగ్గర విరుద్దాం. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. పెద్ద తెర మీద ఒకే వరస, ఫోన్లో యతి దగ్గర రెండు ముక్కలు." ఇంటర్లో బట్టీపట్టింది ఇన్నాళ్లకి పనికొచ్చిందనుకున్నాను. మాస్టారు నవ్వారు. "యతి అంటే సంస్కృతంలో ఆగే చోటమ్మా. మనకి కాదు. మనకి యతి మైత్రి. మొదటక్షరానికీ దానికీ స్నేహం కుదిరితే చాలు, అది మాట మధ్యలో పడొచ్చు. అక్కడ విరిస్తే మాట విరుగుతుంది." ఆయన పద్యాలే పది తీసి చూశాను. ఏడింటిలో యతి మాట నడుమే ఉంది. ఆ మాటకొస్తే పాదాంతం కూడా మాట మధ్యలో పడుతుంది మనకి.

కనక విరవడం మాని, రెండు పనులు చేశాను. పద్యం అక్షరం సైజుని తెర వెడల్పుతో ముడిపెట్టాను, 15 పిక్సెళ్ల కంటే తగ్గకుండా, 20 దాటకుండా. చాలా పాదాలు దీనితోనే సర్దుకున్నాయి. అప్పటికీ పట్టని పాదం మిగులు కింద పడితే, అది కొత్త పాదం కాదని తెలిసేలా ఒకటిన్నర ఎమ్ లోపలికి జరిగి కూర్చుంటుంది. చేయడం సులువే: ఎడమ ప్యాడింగ్ ఇచ్చి, మొదటి వరసకి అంతే రుణసంఖ్య ఇండెంట్. చిక్కల్లా ఈ ఇండెంట్ ఒక పేరాకి ఒకేసారి వర్తిస్తుంది. మాస్టారు పాదం పాదానికీ వరస విరిచే బీఆర్ ట్యాగు కొట్టి వదిలేశారు, బ్రౌజర్ లెక్కలో పద్యమంతా ఒకే పేరా. అంటే ప్రతి పాదాన్నీ విడి స్పాన్‌గా చుట్టి బ్లాక్‌గా చేయాలి. బీఆర్‌ల దగ్గర తెంపి చుట్టే చిన్న స్క్రిప్టు రాసి థీమ్‌లో పెట్టాను. పద్యం అన్న క్లాసు ఉన్న చోటల్లా అదే చూసుకుంటుంది. కానీ ఏది పద్యమో, ఏది ఊరికే వరసలు విరిచిన మామూలు రాతో స్క్రిప్టుకి తెలియదు. ఆ క్లాసు మాత్రం మనిషే వేయాలి.

పాత లంకెల గురించి ఒక మాట. బ్లాగర్ తెలుగు శీర్షిక నుంచి చిరునామా తయారుచేయలేదు. అందుకే మన బ్లాగుల టపాలన్నిటికీ బ్లాగ్-పోస్ట్, దాని వెనక అంకెలు అనే పేర్లే. కొత్త టపాలకి ఇంగ్లిష్ అక్షరాల్లో సొంత పేరు పెట్టుకోవచ్చని మాస్టారికి చూపించాను. పాతవాటిని ముట్టుకోలేదు. ఎవరి పుస్తకంలో, ఎవరి వాట్సాప్‌లో ఆ లంకెలున్నాయో మనకేం తెలుసు.

ప్రయోగ బ్లాగు నుంచి అసలు బ్లాగుకి ఒక ఆదివారం రాత్రి మార్చాను. గంటలో డాలస్ నుంచి మాస్టారి అమ్మాయి మెసేజ్, ఐఫోన్ స్క్రీన్‌షాట్‌తో: "అక్కా, టైటిల్ కింద కట్ అవుతోంది." నా పరీక్ష టపాని రెండు ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఒక ల్యాప్‌టాప్‌లో చూశానే గానీ ఐఫోన్లో చూడలేదు. కోహినూర్ కొలతలు వేరు, ఒక్క పెట్టెలో పావు ఎమ్ చాల్లేదు. 0.35 చేస్తే కుదిరింది. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా, ముందు ఐఫోన్ ఎవరి దగ్గరుందో కనుక్కుంటున్నాను.

పక్కపట్టీలో బొమ్మలన్నీ తీసేశాను, వాటిలో మూతపడ్డవే ఎక్కువ, పాత చిరునామాలు పలక్క పేజీ ఆలస్యం. కూడలి బొమ్మ ఒక్కటి ఉంచమన్నారు మాస్టారు, లంకె లేకపోయినా పర్లేదట. దాన్ని ఒక మామూలు బొమ్మగా ఎక్కించి "గురించి" పేజీ అడుగున పెట్టాను.

ఇంకా మిగిలింది పద్యాలకి క్లాసు వేయడమే. నేను అరవై దాకా వేసి, ఎలాగో ఒక కాగితం మీద రాసిచ్చాను. మాస్టారు రోజుకి రెండు చొప్పున వేస్తున్నారు. వేసేటప్పుడు పాత పద్యంలో గణం తప్పినట్టు కనిపిస్తే ఆగి దిద్దుతున్నారట, అందుకే ఆలస్యం అన్నారు. మొన్న చూస్తే 2011 దాకా వచ్చింది.